గటుకల పసుపు

నేను బడి మొకం చూడలే. పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్న. అందుకే దవాఖానల సంతకం పెట్టమంటే, కాగితాలన్నీ చదివినంకనే పెట్టిన. ఆ తెలుగు ఎవరింట్ల మాట్లాడుతరో గాని, రెండు గంటలు పట్టింది.

చుట్ట తాగి తాగి నా దవడ లోపల తెల్లమచ్చ లేచింది. ఇప్పుడైతే క్యాన్సర్ కాదు, రేపు కావచ్చు అన్నరు. కాకుండ ఆపేటందుకు పసుపులకెల్లి తీసిన మందు పనిచేస్తదా అని మనుషుల మీద చూస్తున్నరు. సగం మందికి అసలు గోలీ, సగం మందికి మందు లేని ఉత్త గోలీ. ఎవరికి ఏదొచ్చిందో డాక్టర్లకు సుత తెల్వదు. కూరల పడే పసుపు తప్ప వేరే తినొద్దు.

నాకు మండింది. పసుపు పండించి, ఉడకబెట్టి, కేసముద్రం మార్కెట్ల పోసినోళ్లం. ఇన్నేండ్లకా మమ్ముల అడుగుడు?

"పుండు మీద పెడితే మానుతదని మా అవ్వకే ఎరుక" అన్న.

"పుండు సంగతి ఎరుకే బాపూ. క్యాన్సర్ సంగతి ఇంకా ఎవ్వరికీ ఎరుక లేదు. అందుకే నిన్ను అడుగుతున్నం" అన్నది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి చెప్తే మా ముసలామె, "ఉత్త గోలీ నీకొస్తే?" అన్నది. మళ్ల ఆ ముచ్చటే తియ్యలే.

ఏడాదికి రావాల్సిన పసుపు డబ్బా మూడు నెలలకే అడుగంటింది. పొద్దుగాల మక్క రవ్వ ఉడకబెట్టి ఆమె పెట్టే గటుక ఎట్లయినా పచ్చగనే ఉంటది గద, నాకు అనుమానం రాలే. చేదు తగిలితే గోలీల పనే అనుకున్న.

ఖాళీ డబ్బా చూసినంకనే సమజైంది. "గటుకల ఎంత ఏసినవే?"

"రోజు రెండు చెంచలు. ఆడ చెప్పకు, నిన్ను తీసేస్తరు. మళ్ల నీ నోరు ఎవరు చూస్తరు?" నా దిక్కు చూడకుండనే అన్నది.

నాకూ భయమే. గాని మార్కెట్ల తూకం తప్పుడు రాతలు రాసినోళ్లతోని జన్మంత కొట్లాడినోణ్ని. నా మచ్చ తగ్గితే గోలీ గొప్పదని రాసుకుంటరు, అది నమ్మి ఇంకొకడు మింగుతడు. ఆమెను వెంటబెట్టుకపోయి అంత చెప్పిన.

డాక్టరమ్మ రాసుకున్నది. "తీసెయ్యం బాపూ. ఇగ గటుకల ఎయ్యకు అవ్వా."

"మరి ఈయనది ఉత్త గోలీ అయితే?"

"నెలనెలా నోరు నేనే చూస్త. మచ్చ జర పెరిగినా వేరే వైద్యం మొదలుపెడ్త."

"నీ మీదనే ఇడిసిపెడుతున్న బిడ్డా."

మచ్చ ఇంకా గంతనే ఉన్నది. ఇప్పుడు మా ముసలామె గటుక గిన్నె నా ముందర పెట్టి, ముందు తనే ఒక ముద్ద మింగి, నాలుక బయటపెడతది.

"చూడు, పసుపున్నదా?"