ఒక్క నవ్వూ రాని పుస్తకం

పంతొమ్మిదేళ్లుగా ఆ లైబ్రరీ పుస్తకాల విరిగిన నడుములు కుట్టి నిలబెడుతున్న మనిషికి ఒక్క పుస్తకాన్నీ ఇంటికి తీసుకెళ్లే హక్కు లేదు. కార్డు కావాలంటే జీతం చీటీ చూపించాలి. రోజుకూలీకి చీటీ ఎక్కడిది? అందరూ బైండరమ్మ అని పిలిచే ఆవిడ ఆ సంగతి ఎన్నడూ నోరెత్తి అడగలేదు. మెట్ల కింద గదిలో, జిగురు ఆరేలోగా చదివిందే చదువు.

అలా చదువుతూండగానే ఆ కవితల పుస్తకం ఆవిడ చేతికి వచ్చింది. రాసినాయన ఊరంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వించిన నాటకాల రచయిత. పేరు చూసి ఎవరో దాన్ని హాస్యం బీరువాలో పెట్టేశారు. తీసుకెళ్లినవాళ్లు మూతి ముడుచుకుని తిరిగిచ్చేవారు. ఒకాయనైతే చివరి పేజీలో పెన్సిలుతో 'ఒక్క నవ్వూ రాలేదు, మోసం' అని కూడా రాశాడు. బైండరమ్మ ఆ మాట చెరిపి, పుస్తకానికి కొత్త అట్ట వేసింది. అందులో ఒక కవిత ఆవిడకు నోటికి వచ్చేసింది:

అందర్నీ నవ్వించి ఇంటికొచ్చాను.
తాళం తీశాక
చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను,
లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.

ఐదేళ్లుగా ఎవరూ తీసుకెళ్లక తేదీ ముద్ర పడని పుస్తకాలను తూకానికి వేసేయమని ఆ ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జాబితాలో ఇదీ ఉంది. ఊళ్లో మరో ప్రతి లేదు. ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు బైండరమ్మ ఆ సంగతి చెప్పుకుంది.

"అంత బెంగ దేనికి వదినా? సంచీలో వేసుకొచ్చెయ్. ఎలుకలు కొట్టేశాయనుకుంటారు," అంది ఆడపడుచు.

"దొంగసొత్తయితే పెట్టె అడుగున దాచుకోవాల్సిందేగా అమ్మాయ్. పదిమంది చేతుల్లో ఎలా పెడతాను?"

మర్నాడు జిగురు చేతులు కడుక్కుని లైబ్రేరియన్ ముందు నిలబడింది.

"నాకు కార్డు కావాలండీ."

"ఇన్నేళ్లూ లేని సరదా ఇప్పుడేంటి బైండరమ్మా?"

"నాకోసమైతే ఇప్పుడూ అడిగేదాన్ని కాదు. తూకానికి పోయే ఈ పుస్తకం మీద తేదీ పడాలి."

"జీతం చీటీ లేదుగా. హామీ ఏముంది?"

"మీ వెనక బీరువాల్లో సగం పుస్తకాలు నా కుట్ల మీదే నిలబడ్డాయండీ. అంతకన్నా హామీ ఎక్కణ్ణుంచి తేను?"

ఆయనకు నవ్వొచ్చింది. జోకు ఏదైనా దొరుకుతుందేమోనని పుస్తకం తెరిచాడు. ఆవిడ పదేపదే చదివిన పేజీయే విచ్చుకుంది. చెప్పులు చేత్తో పట్టుకున్న మనిషి దగ్గర ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇది ఆయన రాసిందేనా?"

"ఆయనదేనండీ. నవ్వించేవాళ్లకీ ఇల్లంటూ ఒకటుంటుంది కదా."

లైబ్రేరియన్ దరఖాస్తులో హామీదారు గడిలో తన పేరే రాసి, పుస్తకం మీద తేదీ ముద్ర కొట్టాడు.

ఇప్పుడది కవిత్వం బీరువాలో ఉంది. జాబితాలో మాత్రం ఇంకా నూటపదకొండు పుస్తకాలున్నాయి. ఒక్క కార్డుకు ఒక్క పుస్తకమే ఇస్తారు. బైండరమ్మ ఒక్కతే ఎన్నిటిని మోస్తుంది?

మీ లైబ్రరీకి వెళ్లండి. తేదీల చీటీ వెలవెలబోతున్న పుస్తకాన్ని వెతికి తీసుకోండి. తిరిగిచ్చేటప్పుడు, అక్కడ ఊడ్చేవాళ్లకీ కుట్టేవాళ్లకీ కార్డులున్నాయా అని గట్టిగా అడగండి. తమకోసం వాళ్లు అడగరు.