అత్తయ్య రాకుమారి రంగు

మొన్న కాకినాడలో మా అమ్మాయి ఇంట్లో మనవరాలికి కథ చెబుతున్నాను. అది నేలమీద బోర్లా పడుకుని, వింటూనే కథలోని రాకుమారి బొమ్మ వేస్తోంది. రంగుల పెట్టెలోంచి లేత గులాబీ ముక్క తీసి, "అమ్మమ్మా, దీన్ని స్కిన్ కలర్ అంటారు, తెలుసా?" అంది. దాని ఒంటి రంగేమో చామనఛాయ దాటిన నలుపు. ఆ ముక్క పట్టుకున్న చేతిని చూసి కథ మధ్యలోనే ఆపేశాను. ఆ రాకుమారికి తెలుపు పూసింది నేనే మరి.

కథ నాది కాదు, మా మేనత్తది. గోదావరి పాయల మధ్య లంక ఊళ్ళో మా ఇంట్లోనే ఉండేది. అత్తయ్య నలుపు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు మా అమ్మ చేసిన పకోడీలు వంక పెట్టకుండా తిని, కబురు చేస్తామని రేవు దాటేవారు. ఒక్క కబురూ తిరిగి రేవు దాటి రాలేదు. కొన్నాళ్ళకి ఆవిడే, "ఇంక ఆ పకోడీలేవో మనమే తిందాం వదినా" అని చూపులు మాన్పించేసింది. సాయంత్రాలు అరుగు మీద చింతపండులో పిక్కలు తీస్తూ మాకు కథ చెప్పేది. అందులో రాకుమారి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. గోదావరి పొంగిన రోజు పడవవాడు పారిపోతే, తానే పడవ తోసే గెడ అందుకుని ఊరినంతా ఒడ్డుకు చేర్చేది. ఆ ఘట్టం వచ్చేసరికి అత్తయ్య చింతపండు వదిలేసి లేచి నిలబడేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి కథల పోటీ పెట్టారు. ఇంట్లోకెల్లా తెల్లపిల్లని నేనే, ఆ మిడిసిపాటూ కొంచెం ఎక్కువే. నల్ల రాకుమారి అంటే నవ్వుతారేమోనని, ఎవరూ చెప్పకుండానే తెల్లగా మార్చేశాను. అక్కడితో ఆగినా బావుండేది. పాలమీగడలాంటి పిల్ల గెడ ఎలా వేస్తుంది? అందుకని ఓ రాకుమారుణ్ణి తెచ్చాను. అతనొచ్చాక ఆమెకి పనేముంది? మూర్ఛపోయేలా చేశాను. చివర పెళ్ళి. చప్పట్లే చప్పట్లు, స్టీలు గ్లాసు బహుమతి. ముందు వరసలో అత్తయ్యా చప్పట్లు కొట్టింది. తిరిగొస్తూ పడవలో మాత్రం, "మన పిల్లకి గెడ వేయడం వచ్చు కదే, ఎందుకే పడుకోబెట్టేశావు?" అంది. "అలా అయితేనే బావుంటుంది అత్తయ్యా" అన్నాను.  ఆవిడ రంగు మాట ఎత్తనే లేదు. ఎత్తి తిట్టినా నాకు ఇంత సిగ్గు మిగిలేది కాదు.

చాలా ఏళ్ళ తర్వాత నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. ఓ మధ్యాహ్నం వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. మా అన్నయ్య కూతురికి అన్నం తినిపిస్తూ అదే కథ. "రాకుమారి ఎలా ఉండేదనుకున్నావు? తెల్లగా, పాలమీగడలా..." నా మాటలే, అక్షరం పొల్లుపోకుండా. గోదావరి పొంగింది, రాకుమారి మూర్ఛపోయింది, ఎవరో వచ్చి కాపాడాడు. "కాదత్తయ్యా, నీ కథ చెప్పు" అనాల్సింది. అంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని గుమ్మంలోనే నిలబడి ఊరుకున్నాను. ఒడ్డుకు చేరాక ఆ నల్లపిల్ల ఏం చేసేదో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా నేను చేసిన పెళ్ళే కనిపిస్తోంది. చెప్పడానికి అత్తయ్య లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం, అడగడానికి ఇంకా బోలెడు రోజులున్నాయనుకున్నాను.