ఎవరి చేను వాళ్ళ గోడ మీద

మార్చి చివర్లో రషీదా ఫోన్ చేసింది. "అక్కా, మాది బాడిగిల్లు కదా, ఇల్లుగలాయప్ప పైకప్పు మారుస్తాడంట. నాయన పెట్టె యాడ పెట్టాలో తెల్దు. నువ్వొచ్చి చూసుకుంటావా?" అంది. రషీదా మా డ్రాయింగు మాస్టారు పీరా సార్ కూతురు. తనకల్లులో బట్టలు కుడుతుంది. సార్ పోయి రెండేళ్ళయింది. అప్పుడు నేను వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నొప్పులు నిజమే, కారణం మాత్రం అది కాదు.

ఈసారి వస్తానన్నాను. హైదరాబాదులో తెలిసినవాళ్ళ హాలు ఒకటి ఉంది. ఆగస్టులో పది రోజులు పీరా సార్ బొమ్మలు పెట్టుకుంటానని వాళ్ళను ఒప్పించి బయలుదేరాను.

ధర్మవరంలో రైలు దిగేసరికి ఉదయం ఆరు. స్టేషను బయట టీ తాగి, ఆటోలో బస్టాండుకు పోయి, కదిరి బస్సు ఎక్కాను. ఎండ అప్పుడే కిటికీ కమ్మీలను పట్టుకుంది. రోడ్డుకు రెండు పక్కలా శెనక్కాయ పీకేసిన చేన్లు, బండరాళ్ళు, మళ్ళీ చేన్లు. నలభై ఏళ్ళు పట్నంలో బతికినవాళ్ళకు ఈ దారి పొడవునా చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది. నాకూ ఆ పొద్దు అలాగే అనిపించింది. రాత్రి రైల్లో సరిగా నిద్ర లేదు.

ఏడింటికి బత్తలపల్లెలో దిగాను. నేను చదివిన హైస్కూలు ఇక్కడే. పాత గదులు పోయి రెండంతస్తుల భవనం వచ్చింది. సెలవు రోజు కాబట్టి గేటుకు తాళం ఉంది. హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, గేటు ముందు కాసేపు నిలబడ్డాను.

పీరా సార్ ఇక్కడ ఆరేళ్ళు చెప్పారు. వాళ్ళది పరుపులు కుట్టే కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. డ్రాయింగు పీరియడు అంటే మిగతా బళ్ళలో లెక్కల సారు వచ్చి తీసేసుకునే పీరియడు. మా సార్ దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. మమ్మల్ని చేన్లలోకి తీసుకుపోయి మట్టి ఏరించేవారు. గట్టు మీది మట్టి వేరు, దుక్కిలోది వేరు, వంక పక్కది వేరు. మట్టిని పలుచటి గుడ్డలో జల్లించి, తుమ్మబంక నీళ్ళతో నూరితే రంగు తయారయ్యేది. కొన్న రంగులు మా దగ్గర లేవు, ఆయన దగ్గరా లేవు. ఒకసారి నేను కొండను పచ్చగా వేస్తే, "సులోచనా, ఈ కొండ నువ్వు యాడ చూసినావు? క్యాలెండర్లోనా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. రెండు రోజులు ఆయన మొహం చూడలేదు. మూడో రోజు కొండను చూసి వేశాను.

నన్ను హైదరాబాదులో బొమ్మల కాలేజీకి పంపమని మా నాయనతో మూడుసార్లు వచ్చి మాట్లాడిందీ ఆయనే.

ఎనిమిదిన్నరకు ఇంకో కదిరి బస్సు దొరికింది. పక్క సీట్లో ఒక గొర్రెల కాపరి పెద్దాయన, ఒళ్ళో కంబళి మడత. యాడికి పోతాండావమ్మా అని అడిగితే చెప్పాను. ఆయన మొహం కొంచెం విప్పారింది.

"బొమ్మల సారా? తనకల్లులో ఉండినాడే. మా గొర్లను కూడా వేసినాడు ఒకసారి. నేను చూసి, గొర్లు యాడుండాయి సామీ అంటే, నాలుగు తెల్ల చుక్కలు చూపించినాడు. అంత దూరంగా నిలబడి వేస్తే చుక్కలు గాక ఏమవుతాయి అంటాడు."

"ఆ బొమ్మ ఎక్కడుంది?"

"మా ఇంట్లోనే. యాడికి పోతాది?" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ మాట మీద నేను పెద్దగా ఆలోచించలేదు. ముదిగుబ్బ దాటాక నాకూ కునుకు పట్టింది. కదిరిలో తనకల్లు బస్సు కోసం గంటన్నర కూర్చోవలసి వచ్చింది. బెంచీలన్నీ ఎండలోనే ఉన్నాయి. తనకల్లు చేరేసరికి పన్నెండు దాటింది.

రషీదా ఇల్లు ముందుగది, వెనక గది. ముందుగదిలో కుట్టు మిషను, కుట్టాల్సిన జాకెట్లు. నలభై దాటిన మనిషి, సార్ లాగే మాట్లాడేటప్పుడు కళ్ళు చికిలిస్తుంది. సంగటి, ఊరుబిండి, మజ్జిగ పెట్టింది. తిన్నాక మంచం కింద నుంచి ఇనప్పెట్టె లాగింది. పైన పాత కుంచెలు, ఒక సీసాలో తుమ్మబంక గడ్డలు. వాటి కింద గుడ్డలో చుట్టిన అట్టలు. లెక్కపెట్టాను, తొమ్మిది. ముప్పై ఏళ్ళు వేసిన మనిషివి కనీసం మూడు వందలు ఉంటాయనుకున్నాను.

"మిగతావి ఎక్కడున్నాయి రషీదా?"

"పంచేసినాడక్కా. ఎవరి చేను వాళ్ళకే. ఈ తొమ్మిది చేన్లోళ్ళు బెంగుళూరు దిక్కు పనికి పొయ్యి మళ్ళీ రాలే. అందుకని ఉండిపోయినాయి."

"ఎప్పటినుంచి పంచడం మొదలుపెట్టారు?"

రషీదా ఒక అట్టను గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. "పట్నం నుంచి ఏడు బొమ్మలు తిరిగొచ్చినాయి కదా. అప్పటినుంచి," అంది.

నేను చెప్పాల్సిన మాట అక్కడ వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరితోనూ అనలేదు.

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక పెద్ద ప్రదర్శనకు బొమ్మలు ఎంచే కమిటీలో ఉన్నాను. ఐదుగురిలో అందరికంటే కొత్తదాన్ని. ఒకరోజు గోనెపట్టాలో కుట్టిన కట్ట వచ్చింది. విప్పకముందే ఆ కుట్టు చూసి గుర్తుపట్టాను. పరుపు కుట్టే కుట్టు. ఏడు బొమ్మలు వరసగా గోడకు ఆనించారు. పెద్దాయన ఒకరు చూసి, "ఏడూ ఒకటే బొమ్మ కదండీ, ఒకటే ఎరుపు," అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు. అది ఒకటే ఎరుపు కాదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఏ రంగు గట్టుదో, ఏది దుక్కిదో వేలు పెట్టి చూపించగలను. ఈయన మా సార్ అని చెప్పినా సరిపోయేది. నేను ఏమీ అనలేదు. కొత్తగా దొరికిన కుర్చీ. తిప్పి పంపుతున్నామని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది కూడా నేనే. ఆ తర్వాత ఆయనకు ఒక్క ఉత్తరం రాయలేదు.

ఇదంతా రషీదాకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ఆ అట్టను తుడుస్తూనే ఉంది.

"మాకు తెలుసు అక్కా," అంది చివరికి. "కాగితం మీద నీ సంతకం ఉండె కదా. నాయన మా అమ్మకు చూపించినాడు. ఇదో మా సులోచన చేవ్రాలు, ఎంత గుండ్రంగా ఉండాదో చూడు, పెద్ద కుర్చీలో కూర్చున్యాది అనినాడు."

"సంతోషంగానా?"

"నాకు తెల్దు. ఆ పొద్దు మటుకు అన్నం తినలే." అట్టను పక్కన పెట్టింది. "తెల్లారి ఆ ఏడు బొమ్మలూ సైకిలుకు కట్టుకోని పొయ్యినాడు. పట్నమోళ్ళకు ఒకటే ఎరుపు కనపడినాదంట, చేనుగలోళ్ళకు అట్ల కనపడదులే అనుకుంటా పొయ్యినాడు. సాయంత్రం ఉత్త సైకిలుతో వచ్చినాడు."

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. అక్కడే చాప మీద పడుకోవాలనిపించింది. రషీదా మాత్రం స్కూటీ తాళం తీసుకుంది. "పదక్కా. ఎండ తగ్గేదాకా ఉంటే పొద్దు చాలదు. రెండిళ్ళన్నా చూద్దువు."

రెండున్నరకు బయలుదేరాం. మొదటిది ఊరికి దగ్గరే, లక్ష్మీదేవమ్మ అనే ఆమె ఇల్లు. పొయ్యికి పైన గోడకు మేకు కొట్టి బొమ్మ తగిలించారు. మసి పట్టి సగం కనపడటం లేదు. ఎడమ పక్క బావి, గిలక, దాని వెనక దున్నిన చేను. నేను ప్రదర్శన సంగతి చెప్పాను. ఆమె బొమ్మ కిందికి దించి కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "తీసకపో తల్లీ. మళ్ళీ తెచ్చియ్యి. ఆ బాయి పూడ్చేసినారు, బొమ్మలోనే ఉండాది," అంది. తీసుకున్నాను. రెండు నిమిషాలు పట్టుకుని నిలబడి, మళ్ళీ మేకుకే తగిలించాను. రషీదా బయటికి పోయి స్కూటీ తీసింది.

రెండోది ఎనిమిది మైళ్ళ దూరం. చివరి రెండు మైళ్ళు మట్టిదారి. దారికి ఒక పక్క మొత్తం కంచె, కంచె లోపల కనుచూపు మేర సోలార్ పలకలు. నాగప్ప ఇల్లు కంచెకు ఎదురుగా ఉంది. అరవై అయిదేళ్ళ మనిషి, ఖాకీ చొక్కా. తన నాలుగెకరాలు సోలార్ వాళ్ళకు కౌలుకిచ్చి, ఆ కంచెకే పగటి కాపలాదారుగా ఉన్నాడు. ఆ పొద్దు సెలవు.

బొమ్మ నడింట్లో, దేవుడి పటాల పక్కన ఉంది. చూడగానే తెలిసింది. ఆ ఏడింటిలో ఒకటి. అప్పుడు గోడకు ఆనించినప్పుడు మధ్యలో ఉన్నది. దుక్కి దున్ని వాన కోసం కాచుకున్న చేను. పైన ఆకాశం వేలెడంత, మిగతాదంతా నేల. ఆ నేలలో నేను మళ్ళీ రంగులు ఏరుకున్నాను. పన్నెండు వరకు దొరికాయి. ఇంటికప్పు కారి కుడివైపు కింది మూల అరచెయ్యంత ముక్క కొట్టుకుపోయింది. అట్ట బయటపడింది.

నేను ప్రదర్శన మాట ఎత్తగానే నాగప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్యనమ్మా. తప్పుగా అనుకోవద్దు. మా మనవరాలు ఈడికొస్తే, తాతా మన చేను యాడుండాది అంటాది. ఆ పలకలు చూపించేదానికి నాకు నోరు రాదు. ఇది చూపిస్తా."

"సరే నాగప్పా. నేను అడగను."

"నువ్వు సార్ దగ్గర నేర్చుకున్నావంట కదా," అన్నాడు, మూలకేసి చూపిస్తూ. "ఇది సరిచేసి పో."

కుంచె పట్టి పదేళ్ళు దాటిందని చెప్పాను. బొమ్మలు ఎంచడం, సర్టిఫికెట్ల మీద సంతకాలు, రిటైరు కావడం తప్ప ఏమీ చెయ్యలేదని చెప్పాను. అతను విన్నాడు. "మరి ఎవురు చేస్తారు?" అన్నాడు.

రషీదా అప్పటికే స్కూటీ ఎక్కింది. ముక్కాలు గంటలో సార్ కుంచెలు, బంక సీసా తెచ్చింది. ఈలోగా నాగప్ప ఖాకీ చొక్కాతోనే కంచె గేటు దగ్గరికి పోయి, లోపలి మనిషితో మాట్లాడి, చెంబులో మట్టి పట్టుకొచ్చాడు. "ఈశాన్యం మూలది. సార్ తూర్పు గట్టు మీద నిలబడి వేసినాడు, బొమ్మలో చెడిపోయింది ఆ మూలే," అన్నాడు.

నాగప్ప భార్య వేడినీళ్ళు ఇచ్చింది. బంక నానబెట్టి, మట్టి జల్లించి, గుండ్రాయితో నూరాను. వంగి కూర్చోలేక గడప మీద కాళ్ళు చాపుకున్నాను. మొదటిసారి మరీ ముదురుగా వచ్చింది, తుడిచేశాను. రెండోసారి జిగురు ఎక్కువైంది. మూడోసారి సార్ వేసిన గీతల పక్కనే, అవి ఎటు పోతున్నాయో చూసుకుంటూ, దుక్కి సాళ్ళు లాగాను. పనయ్యేసరికి ఆరు కావస్తోంది. తడి మీద చూస్తే రంగు బాగా కలిసినట్టే ఉంది. నాగప్ప దగ్గరికొచ్చి చూసి, "తెల్లారి ఆరినాక చెప్తా," అన్నాడు.

రాత్రి రషీదా ఇంట్లో పడుకున్నాను. ఉదయం బయలుదేరేటప్పుడు ఆ తొమ్మిది బొమ్మలు కట్టి నా చేతిలో పెట్టబోయింది. ఆ చేన్లవాళ్ళు ఎప్పుడైనా వస్తే, అన్నాను. "వచ్చేది లేదక్కా," అంది. కప్పు పని అయ్యేదాకా నా దగ్గర పెట్టుకుంటానని తీసుకున్నాను. ఒక్కో అట్ట వెనక ఊరి పేరు, మనిషి పేరు సార్ చేతిరాతలో ఉన్నాయి. వాళ్ళను బెంగుళూరులో ఎలా వెతకాలో నాకు తెలియదు. ఇద్దరి పేర్లు మాత్రం రషీదాకు తెలిసినవాళ్ళ బంధువులవి. అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఎనిమిది గంటల బస్సుకు కదిరి, అక్కణ్ణుంచి ధర్మవరం. మధ్యాహ్నం రెండున్నరకు రైలు. హాలువాళ్ళకు ఫోన్ చేసి ఆగస్టు తేదీలు వద్దని చెప్పాను. ఎందుకని అడిగితే, బొమ్మలన్నీ ఇళ్ళలో ఉన్నాయి, ఇళ్ళు కదలవు అన్నాను. వాళ్ళకు అర్థం కాలేదు.

ఈ బొమ్మలు చూడాలనుకునేవాళ్ళు కదిరి నుంచి తనకల్లు బస్సు ఎక్కాలి. బస్టాండులో మిషను రషీదా అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఎండాకాలం పోవద్దు. మంచి కెమెరా కంటే మజ్జిగ తాగే ఓపిక ఎక్కువ అవసరం, ప్రతి ఇంట్లో ఇస్తారు. ఒక రోజులో నాలుగిళ్ళ కంటే చూడలేరు. నేను రెండే చూసి ఇంత అలసిపోయాను. ఒక మనిషికి జరిగిన అన్యాయం సరిదిద్దుదామని వెళ్ళాను. ఆయన నా కోసం ఆగలేదు. తన పని తానే చూసుకున్నారు. నా తప్పు తప్పుగానే ఉంది. దాన్ని దించుకునే చోటు ఆ ఊళ్ళలో నాకు కనపడలేదు.

రైలు గుత్తి దాటాక నాగప్ప ఫోన్ చేశాడు.

"ఆరినాదమ్మా. రంగు తేలిపాయ. పక్కదానికంటే తెల్లగా కనపడతాంది."

"కలవలేదా?"

"కలవలే."

"మళ్ళీ వచ్చి చేస్తాను నాగప్పా."

వెనక ఎక్కడో మేకలు అరుస్తున్నాయి.

"వద్దులేమ్మా, ఉండనీ," అన్నాడు. "ఆ ఈశాన్యం మూల ఎప్పుడూ సత్తువ లేని నేలే."