తువ్వాల్లో వచ్చిన గూబపిల్ల

ఈ మధ్యాహ్నం గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పక్కన బండలు పేల్చే ముందు సైరన్ మోగింది. గుట్టల పక్కన పెరిగిన దోస్తులారా, మన చిన్నప్పుడు ఈల వేసి ఎర్రజెండా ఊపేవారు, గుర్తుందా?

మా నాన్న మందు కూరడానికి బండలకు రంధ్రాలు వేసేవాడు. ఒకరోజు తలకు చుట్టుకునే తువ్వాల్లో గూబపిల్లను తెచ్చాడు.

“గూబను ఇంట్లకు తెస్తరా ఎవ్వలన్న?” అమ్మ గుమ్మంలోనే ఆపింది.

“దానిల్లు పేల్చింది మేమే. జర ఉండనియ్యి.”

డాల్డా డబ్బాలో పాత లంగా గుడ్డ పరిచి, మిడతలు పట్టి తినిపించాను. పేలుడు వినబడినప్పుడల్లా అది కళ్లు మూసుకుని ముడుచుకునేది. ఒక సాయంత్రం పేలుళ్లు ఆగిపోయాక కూడా కళ్లు తెరవలేదు.

నాన్న దాన్ని అదే తువ్వాల్లో చుట్టి తీసుకుపోయాడు.

“ఏడ పెట్టినవ్ నాయినా?”

“గుట్ట మీద, బండల సందుల.”

కొన్నాళ్లకు ఆ గుట్టనూ పేల్చారు. రంధ్రాలు వేసింది నాన్నే.