అంచుదాకా పోసిన టీ

వయసులో ఉన్నప్పుడు ఎర్నజర్‌ని పడగొట్టిన పహిల్వాన్ కితాబ్ ఊరి చుట్టుపక్కల లేడు. పెళ్ళిళ్ళ కుస్తీల్లో గెలిచిన పొట్టేళ్ళతో దొడ్డి నిండిపోయేది. ఇప్పుడు చొక్కా అతని మీద కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. గడ్డిపరకలా కాపురానికొచ్చిన హురియత్ మాత్రం నిండుగా ఒళ్ళు చేసింది. కొండ మీద పెద్ద దుర్భిణితో నక్షత్రాలు చూడడం ఆమె ఉద్యోగం. ఆమె కొండెక్కినప్పుడల్లా పిల్లల్ని సాకిందీ, రొట్టెలు కాల్చిందీ ఎర్నజరే. కుస్తీలు అలాగే పోయాయి. పోతే పోయాయి అనుకున్నాడు, మనస్ఫూర్తిగానే.

ఆమె జీవితమంతా చూసింది ఒక్క నక్షత్రాల జంటనే. ఓసారి పొయ్యి దగ్గర వాటి సంగతి చెప్పింది.

"రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయండీ. వయసు మళ్ళి పెద్దది ఉబ్బుతుంది. దాని వాయువు దాని పట్టులో ఇమడక పక్కదాని మీదికి ఒలుకుతుంది. ఇచ్చీ ఇచ్చీ పెద్దది చిక్కిపోతుంది, చిన్నది బలుస్తుంది."

"ఇది చూడ్డానికి కొండెక్కాలా? ఇంట్లో కూర్చున్నా కనపడేదిగా," అన్నాడు ఎర్నజర్.

ఈ వేసవే హురియత్‌కి ఆఖరి విడత. ఆ తర్వాత ఉద్యోగ విరమణ. ఇన్నేళ్ళూ ఆమె ఎదురుచూసినట్టే ఆ జంటలో ఒలుకుడు ఒక్కసారిగా జోరందుకుంది. సరిగ్గా అప్పుడే ఎర్నజర్ పండ్ల కోసం మల్బరీ చెట్టెక్కి, పడి, కాలు విరగ్గొట్టుకున్నాడు.

"ముసలి కోతికి కొమ్మలు కావాల్సొచ్చాయి," అని తిట్టి, ఈసారి కొండకు వెళ్ళనని చెప్పేసింది.

అయినా పొద్దున్నే ఆమెను కొండకు తీసుకెళ్ళే జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఎర్నజర్ కట్టుకట్టిన కాలు చాపుకుని, ఆమె గిన్నెలో టీ పోశాడు. ఆ ఊళ్ళో కూర్చోమనే మనిషికి రెండు గుక్కలే పోస్తారు, మళ్ళీ అడగాలని. అంచుదాకా పోస్తే ఇక లేవమని. పెళ్ళయిన నాటినుంచి ఆమెకు రెండు గుక్కలే పోసిన ఎర్నజర్, ఇవాళ టీ కూజా దించలేదు. గిన్నె నిండింది.

హురియత్ మొహం ఎర్రబడింది. "నన్ను పొమ్మంటున్నారా?"

"పొమ్మంటున్నా. ఇన్నేళ్ళు నేను పిండి పిసికింది, ఆఖర్న నువ్వు నా కాలు చూస్తూ కూర్చోడానికా?"

గొంతు గట్టిగానే ఉంది గానీ, కూజా దించేటప్పుడు టీ కాస్త కింద పరిచిన గుడ్డ మీద ఒలికింది. ఆమెను పొమ్మనడం అతని ప్రాణానికి ఎంత కష్టంగా ఉందో!

హురియత్ తాగలేదు. గిన్నె ఎత్తి, సగం అతని ఖాళీ గిన్నెలోకి వంపింది.

"ఇప్పుడు నాదీ నిండుగా లేదు, మీదీ లేదు." గుమ్మం వైపు తిరిగి డ్రైవర్‌ని కేకేసింది. "వెనక సీటు ఖాళీ చెయ్యి నాయనా. కాలు చాపుకునే మనిషొకరు వస్తున్నారు."

"అక్కడ నేనేం చెయ్యను?"

"నాకు టీ పొయ్యండి. రెండు గుక్కలే."

బయట హారన్ మోగింది. ఎర్నజర్ తొందరపడకుండా తన వంతు తాగి, చేతికర్ర అందుకున్నాడు.