మా కుక్కకు పథ్యం

మా కుక్కకు మూర్ఛ ఉంది. పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ. నాచారంలో మా వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. నేను ఆఫీసుకు వెళ్తూ గేటు దగ్గర నిలబడి మా అత్తమ్మకు రోజూ అరిచి మరీ గుర్తు చేసేదాన్ని. గోలీ వేసే పని ఆమెదే. మా ఆయన చర్లపల్లిలో డ్యూటీకి నాకంటే ముందే వెళ్లిపోతాడు.

ఆ మధ్య కుక్క తిండి తగ్గించింది. ఉప్పల్‌లో దాన్ని చూసే డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, లివర్ అంకెలు పెరిగాయంది. ఎందుకని అడిగాను. మూర్ఛ గోలీ వల్ల కావచ్చట. ఆ గోలీ వాడుతుంటే లివర్ బాగున్నా అంకెలు పెరుగుతాయట. లేదా లివరే దెబ్బతిని ఉండొచ్చట. స్కానింగ్ చేస్తేగానీ తేలదు, అంతవరకు గోలీ మాత్రం మానొద్దు, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుందని మరీ మరీ చెప్పింది. చెరుపు చేస్తోందేమో అని అనుమానం ఉన్న మందునే మానకుండా వేయమంటే నాకు బుర్ర తిరిగిపోయింది. అసలే నాకు ఓపిక తక్కువ. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పేవాళ్లంటే ఇష్టం.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా అప్పజెప్పాను. ఆమె విన్నంతసేపు విని, కామెర్లు అని తేల్చేసింది. కాదని ఎంత చెప్పినా లాభం లేదు. ఆమెకు లివర్ అంటే కామెర్లు, కామెర్లంటే పసరు. పుట్టిల్లు కీసర పక్కన. అక్కడ వాళ్లింట్లో ఎవరికి కామెర్లొచ్చినా పసరుతోనే తగ్గాయట. డాక్టరమ్మను అడిగి ఇద్దామంటే, ఆకుకు అడిగేదేందని నవ్వింది. మర్నాటి నుంచి నేల ఉసిరి ఆకు నూరి మజ్జిగలో కలిపి పరగడుపున పట్టడం మొదలుపెట్టింది. ఉప్పు బంద్, నూనె బంద్. మూగజీవానికి ఒక్కదానికే చప్పిడి కూడు పెట్టడం బాగుండదని తనూ అదే తింది. నాకు నవ్వొచ్చింది, ఆమె మీద ముద్దూ వచ్చింది.

చిత్రమేమిటంటే, కుక్క తేరుకుంది. ఎప్పుడూ మత్తుగా పడుండేది కాస్తా పాలవాడి బండి వెంట పరుగెత్తింది. గిన్నె నాకి నాకి తళతళలాడించింది. ఇక స్కానింగ్ దేనికని మా ఆయన అన్నాడు. ఆకు పనిచేస్తోందా, అంకెలే తప్పా, నాకేమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా సంతోషంగానే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దానికి ఫిట్స్ వచ్చాయి. ఆగినట్టే ఆగి మళ్లీ వచ్చాయి. కారులో వెనక సీటులో అత్తమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బండ్లు కదలడం లేదు. నేను కనిపించిన ప్రతివాడినీ తిట్టాను.

డాక్టరమ్మ నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, కొట్టుకోవడం ఆగాక, గోలీ ఏమైనా తప్పిందా అని అడిగింది. ఒక్క పూట కూడా తప్పలేదని నేను గట్టిగా చెప్పాను. అప్పుడు అత్తమ్మ నోరు తెరిచింది.

"నేనే మాన్పిచ్చిన బిడ్డా. పసరు పడ్తుంటే ఇంగ్లీషు మందు ఇయ్యద్దు గద. ఒక్క పొట్టల రెండు మందులు కొట్లాడ్తయి."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చింది అనేసేదాన్నే, కానీ ఆమె చీర కుచ్చిళ్లన్నీ కుక్క నురగతో తడిసి ఉన్నాయి. కుక్క హుషారుగా కనిపించడం కూడా గోలీ మత్తు దిగినందువల్లే అయి ఉండొచ్చని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. అంటే మేము సంతోషపడిన రోజులన్నీ దాని ప్రమాదం దగ్గరపడిన రోజులు.

కుక్క బతికింది. మళ్లీ రక్తం తీస్తే లివర్ అంకెలు తగ్గి ఉన్నాయి. అయితే పసరు పనిచేసినట్టేనా అని అత్తమ్మ ఆశగా అడిగింది. గోలీ ఆపినందుకు తగ్గాయేమో, ఆకు వల్లనేమో, లివరే కోలుకుంటోందేమో, ఈ కాగితం చూసి చెప్పలేనంది డాక్టరమ్మ. లివర్ మీద అంత భారం వేయని వేరే గోలీ మొదలుపెడుతూనే, ఫిట్స్ వచ్చాక మళ్లీ వేస్తున్న పాతదాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలట. అందాకా రెండూ వేయాలి. ఎవరిది తప్పో తేలితే నా కోపానికి ఒక దారి దొరికేది. అదీ తేలలేదు.

ఇక గోలీ నేనే వేస్తానని, ఆమెను ముట్టుకోవద్దని చెప్పాను. ఇడ్లీ ముక్కలో పెట్టి ఇస్తే కుక్క ఇడ్లీ తిని గోలీ ఉమ్మేసింది. నోరు పట్టుకుని తెరవబోతే బల్ల కిందికి దూరింది. బతిమాలాను, తిట్టాను. చివరికి వంటింట్లోకి వెళ్లి రెండు గోలీలూ అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె గుప్పిట మూయకుండా, నా ముఖంలోకే చూస్తూ అడిగింది.

"గివి ఏస్తె దానికి మంచిగైతదా?"

అవునని చెప్పాలని నోరు తెరిచాను. వేయకపోతే ఏమవుతుందో తెలుసు. వేస్తే ఏమవుతుందో తెలియదు. అదే చెప్పాను. ఆమె గోలీలు గుప్పిట్లో మూసి, కుక్కను పిలిచింది.