తోడికోడలి సీసా

ఆ ఇంటి పెద్దకోడలు పన్నెండేళ్ళుగా పెరటి షెడ్డులో లిల్లీలు పెంచుతోంది. నడుం ఎత్తు కాడలు కోసి కట్టలు కడితే పూలకొట్టాయన మారుమాట లేకుండా తీసుకునేవాడు. "పూలంటే ఈవిడవే" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె చలిలో కూడా తడిమట్టిలో చేతులు పెట్టేది.

చిన్నకోడలు వచ్చి షెడ్డులో సగం పంచుకుంది. కుండీల్లో లిల్లీలు మొదలుపెట్టింది. రెండో ఏటికే కొట్టాయన ముందుగా అటు నడవసాగాడు. పొట్టిగా, గుబురుగా, నిండా మొగ్గలతో ఉండేవి ఆ మొక్కలు. పెద్దకోడలి కడుపు రగిలిపోయింది. దాచడమెందుకు, అవి ఎండిపోతే బాగుండునని కూడా అనుకుంది.

గుట్టేమిటో తేల్చాలని ఓ కన్నేసి ఉంచింది. నాటేముందు చిన్నకోడలు సీసాలోంచి మూతెడు మందు బకెట్టు నీళ్ళలో కలిపి, గడియారం చూసుకుంటూ దుంపల్ని నానబెట్టేది. ఓహో, ఇదా సంగతి! అడిగితే నోరేమన్నా అరిగిపోతుందా? అరగదు. కానీ నిన్నగాక మొన్న వచ్చినదాన్ని అడగడమా?

చిన్నకోడలు పుట్టింటికి వెళ్ళిన రోజున సీసా తీసింది. మూతెడు చాలుతుందా? రెండు మూతలు పోసింది. తన దుంపలన్నీ ముంచి పెట్టెల్లో నాటింది.

మొలకలు జానెడు ఎదిగి ఆగిపోయాయి. రోజూ స్కేలు పెట్టి చూసుకునేది. చివరికి ఆ జానెడు కాడల మీదే మొగ్గలు తొడిగాయి. కోసి కట్ట కడదామంటే కాడేది?

చిన్నకోడలు ఆ మొక్కల్ని చూసింది, తగ్గిన సీసాను చూసింది.

"అది కాడ ఎదగకుండా ఆపే మందక్కా. కుండీలో మొక్క వాలిపోకుండా వాడతాను. పొడుగు కాడలకి వేరే మందుంది. అడిగుంటే నేనే కలిపిచ్చేదాన్ని కదా!"

తిట్టినా బాగుండేది. పైగా కుండీలు తెచ్చి, వేళ్ళు చెదరకుండా అక్క మొక్కలన్నిటినీ తానే వాటిలోకి మార్చింది. ఆ మంచితనం చూస్తే పెద్దకోడలికి ఒళ్ళు మరింత మండింది.

కొట్టాయన వచ్చి సరిగ్గా ఆ కుండీల దగ్గరే ఆగాడు. "ఈసారి మరీ బాగా తీశారు చిన్నమ్మగారూ! పూలంటే ఇవీ!"

నావని అరవాలనిపించింది పెద్దకోడలికి. అరిస్తే ఎలా వచ్చాయో కూడా చెప్పాలి.

"అవి మా అక్కవండీ" అంది చిన్నకోడలు.

కొట్టాయన ముఖం విప్పారింది. "అయితే మీక్కూడా నేర్పేసిందన్నమాట, మీ తోడికోడలు!"

పెద్దకోడలు అవునన్నట్టు తలూపింది.